వేట ఉంటేనే కూర: జాలరిపేట సందులో బోర్డు లేని చేపల మెస్సు

ముందే చెప్పేస్తున్నా, ఈ మెస్సుకి బోర్డు లేదు, మెనూ కార్డు లేదు, మ్యాప్‌లో పెట్టుకుని వెళ్దామంటే పిన్ను కూడా లేదు, కాబట్టి లొకేషన్ పెట్టు బ్రో అని అడగొద్దు. నేనే మూడోసారి వెళ్ళినప్పుడు కూడా ఒక సందు ముందే తిరిగేసి ఎవరింటి పెరట్లోకో వెళ్ళిపోయా, అక్కడ ఒకావిడ బట్టలుతుకుతూ చెయ్యెత్తి అటు అని చూపించింది, అంటే నాలాంటోళ్ళు రోజూ వస్తున్నారన్నమాట. వైజాగ్ పెద్ద జాలరిపేటలో, బీచ్ వైపు దిగే సందుల్లో ఒకటి. గుమ్మం ముందు ఎప్పుడూ ఒక వల ఆరేసి ఉంటుంది, పక్కన నీలం డ్రమ్ము, డ్రమ్ము మీద ఒక పిల్లి. పిల్లి లేకపోతే ఆ పూట పచ్చి చేప లేదని అర్థం. జోక్ కాదు, రెండుసార్లు చెక్ చేశా.

లోపల నాలుగు బల్లలు, అది కూడా అసలు ఇంటి వసారా, రేకుల షెడ్డు వేసి ముందుకి లాగారు. ఒకేసారి పద్నాలుగు మంది కూర్చోవచ్చు, పదిహేనోవాడు వస్తే మామ్మ కూర్చునే పీట ఇస్తారు. వండేది మామ్మ, డెబ్భై దాటి ఉంటాయి, పక్కన కోడలు, కాలేజీకి వెళ్ళే మనవరాలు సెలవులప్పుడు వడ్డిస్తుంది. తాత, కొడుకు ఫైబర్ బోటు మీద వేటకి వెళ్తారు. హోటల్ పెడదామని పెట్టింది కాదంట, ఒడ్డున పనిచేసేవాళ్ళు నలుగురు మధ్యాహ్నం మాకూ నాలుగు మెతుకులు పెట్టమ్మా అని రావడంతో మొదలైందంట, అది ఎన్నేళ్ళ కిందటో మామ్మకీ లెక్క లేదు, "మా సిన్నోడికి పళ్ళూడినప్పుడు" అంది, ఆ చిన్నోడికి ఇప్పుడు బట్టతల.

మొదటిసారి నన్ను తీసుకెళ్ళింది ఆఫీసులో నా పక్క సీటాయన, పుట్టి పెరిగింది జాలరిపేట పక్కనే. నేను పెద్ద తెలిసినోడిలా కూర్చోగానే కోనాం (అదే, వంజరం) వేపుడు ఉందా అని అడిగా. వైజాగ్‌లో మనందరికీ అదే కదా, చేప అంటే కోనాం, లేదంటే చందువా, ఇంకొంచెం షో చెయ్యాలంటే పండుగొప్ప. మామ్మ నన్నొకసారి పైనుంచి కిందకి చూసి "కోనాం నేదు బాబూ, కోనాం అమ్ముకోడానికి, తినడానికి కాదు" అంది. మా కొలీగ్ పడిపడి నవ్వాడు, నాకర్థం కాలేదు. తర్వాత కోడలక్క విడమరిచి చెప్పింది. బోటు ఒడ్డుకి రాగానే కోనాం, చందువా, పెద్ద రొయ్య, డబ్బొచ్చేవన్నీ ముందు వేలంపాటకి పోతాయి, అందులోంచి డీజిల్ ఖర్చు, ఐసు ఖర్చు, వల అప్పు తీరాలి. ఇంటికి కూరకని వచ్చేది ఎవరూ పెద్దగా రేటు కట్టని చేప. కవ్వళ్ళు (సార్డిన్లు), నెత్తళ్ళు, సావళ్ళు, వలలో నలిగిన కానాగంతలు, అమ్ముడుపోని పెద్ద తలకాయలు. అంటే తరతరాలుగా ఈ ఇళ్ళల్లో ఆడవాళ్ళు వంట నేర్చుకుంది మొత్తం ఆ అమ్ముడుపోని చేప మీదే. ఏ చేపకి ఎంత పులుపు, దేన్ని ముల్లుతో వండాలి, దేన్ని ఉడకబెట్టి ముల్లు తీసెయ్యాలి, ఈ జ్ఞానమంతా అక్కడిది. ఇప్పుడు మనం కార్లేసుకుని వెళ్ళి అదే తింటున్నాం.

సరే కవ్వళ్ళ పులుసు గురించి చెప్పాలి, నేను వెళ్ళేదే దానికోసం. మామ్మ మట్టి దాకలో పెడుతుంది, కింద అడుగు మందంగా ఉండి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, ఆ దాక వయసు కోడలక్క కాపురం వయసే అంట. ఉల్లిపాయ సన్నికల్లు మీద కచ్చాపచ్చాగా నూరుతుంది, మిక్సీ ఉంది, కానీ మిక్సీలో వేస్తే నీరు కారిపోయి పులుసు చప్పబడుతుందని ఒప్పుకోదు. ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కొంచెం మెంతి, కారం ధారాళంగా. చింతపండు రసం ఎక్కువే, ఎందుకంటే కవ్వలికి ముళ్ళెక్కువ, పులుపులో సన్న సెగ మీద ఉంటే చిన్న ముల్లు మెత్తబడిపోతుంది. చేప వేశాక గరిటె ముట్టుకోదు. మసిగుడ్డతో దాకని రెండు చెవుల దగ్గరా పట్టుకుని ఇలా ఒక్క తిప్పు తిప్పుతుంది, పులుసు దాని అంచుదాకా వచ్చి మళ్ళీ లోపలికి పోతుంది, ఒక్క చేప కూడా విరగదు. ఆ తిప్పడం మనవరాలికి నేర్పిస్తుంటే నేను అక్కడే ఉన్నా, పాపం పిల్ల తిప్పితే సగం పొయ్యిలో పడింది. మామ్మ తిట్టలేదు, "మణికట్టు కాదే, నడుం తిప్పాల" అంది అంతే. నేను ఇంటికెళ్ళి నాన్‌స్టిక్ గిన్నెతో ట్రై చేశా, అది వేరే కథ, మా ఆవిడ ఇంకా స్టవ్ చూసినప్పుడల్లా గుర్తుచేస్తుంది.

పళ్ళెంలో వేడన్నం మధ్యలో గుంట చేసి పులుసు పోస్తారు, రెండు కవ్వళ్ళు పక్కన, ఒక పచ్చి ఉల్లిపాయ చేత్తో కొట్టి పెడతారు. మొదటి ముద్దకి పులుపు తెలుస్తుంది, రెండో ముద్దకి కారం, మూడోదానికి చెమట. నీసు వాసన అస్సలు ఉండదు, ఎందుకంటే చేపకి ఐసు తగల్లేదు, పొద్దున్న వలలోంచి తీసింది మధ్యాహ్నం దాకలో ఉంది. నిన్నటి పులుసు మిగిలితే అది ఇంకా బాగుంటుంది, కానీ బయటివాళ్ళకి పెట్టరు, ఇంట్లోవాళ్ళకే. ఒకసారి బతిమాలితే ఒక గరిటె వేసింది, ఆ రోజు నుంచి నాకు ఆ ఇంట్లో పుట్టినవాళ్ళంటే కొంచెం అసూయ.

రెండోది సొర పిట్టు, అంటే సొరచేప పొడికూర. మన తీరమంతా బాలింతలకి పెట్టే కూర ఇది, పాలు పడతాయని చెప్తారు, మా అమ్మ కూడా మా చెల్లి పుట్టినప్పుడు తిన్నదంట. ఇక్కడ చేసే తీరు చూడాలి. సొర ముక్కల్ని పసుపేసి ఉడకబెట్టి, గరుకుగా ఉండే తోలు వేలితో రాసి తీసేసి, మెత్తని మాంసాన్ని చిదిపి, చిదిపినదాన్ని పిడికిట్లో పెట్టి నీళ్ళు పిండుతుంది. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. సొర ఒంట్లో యూరియా ఉంటుంది, చచ్చాక అది అమ్మోనియాగా మారుతుంది, ఆ ఘాటు అదే, మనకి సైన్సు పుస్తకంలో చెప్తే గానీ తెలీదు, మామ్మ "నీసు పోయేదాకా పిండాల" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. పిండాక పచ్చిమిర్చి, ఉల్లిపాయ, దంచిన వెల్లుల్లి, మిరియం, కరివేపాకుతో పొడిపొడిగా వేపుతుంది. ఉత్తగా తినేయొచ్చు. ఒక మాట, చిన్న పాలసొరలే ఇక్కడ చూశా, బొక్కిసొర (వేల్ షార్క్) మాత్రం ఎవరూ ముట్టుకోరు. అది మచ్చల మచ్చలుగా బస్సంత ఉంటుంది, 2001లో దాన్ని వన్యప్రాణి చట్టం కింద రక్షిత జాబితాలో పెట్టారు. వలలో పడితే వల కోసి వదిలెయ్యాల్సిందే అని తాత చెప్పాడు. వల పోతే నష్టం కదా తాతా అంటే "నష్టమే గానీ, అది కళ్ళెట్టి సూస్తాది బాబూ" అన్నాడు.

వేట అనే మాట గురించి ఇక్కడ ఆగి చెప్పాలి. మా నాన్నని మొదటిసారి తీసుకెళ్ళిన రోజు జరిగింది. మేం వెళ్ళేసరికి కోడలక్క "ఆళ్ళు ఏటకెల్లారు, ఇంకో అరగంట" అంది. మా నాన్న ముఖం వెలిగిపోయింది, ఏం దొరుకుతున్నాయమ్మా ఈ మధ్య, కుందేళ్ళా అని అడిగాడు. అక్క ఒక్క క్షణం అలా ఉండిపోయి తర్వాత చీరకొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన తప్పేం లేదు, ఆయన పెరిగింది శృంగవరపుకోట వైపు కొండవార ఊళ్ళో, వాళ్ళకి వేటంటే తుపాకీ, కుక్కలు, అడవి. సముద్రం మీద ఉన్నోళ్ళకి వేటంటే వల. ఇక ఊళ్ళో మాంసం కొట్టుకెళ్తే వేటంటే మేకపోతు. ఒక్క మాట పట్టుకుని మూడు వంటిళ్ళు నడుస్తున్నాయి మన వైపు.

మా తాతకి లైసెన్సు తుపాకీ ఉండేది, నేను చూడలేదు, గోడకి దాని మేకులు మాత్రం చూశా. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, మొదట్లో కొన్నింటికి ఇంకా లైసెన్సు మీద వేట ఉండేది, 1991 సవరణతో అదీ పోయింది. మా తాత అంతకన్నా ముందే మానేశాడు, ఎలక్షన్ వచ్చినప్పుడల్లా తుపాకీ స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యడం, మళ్ళీ తెచ్చుకోడానికి తిరగడం, ఆ తిరుగుడు పడలేక ఒకసారి ఇంక తెచ్చుకోలేదంట. కానీ వండే పద్ధతి మిగిలింది. వేట కూర ఇంట్లో పొయ్యి మీదకి రాకూడదు, పెరట్లో మూడు రాళ్ళు పెట్టి మగవాళ్ళే వండాలి, మసాలా లేదు, ఉల్లి తక్కువ, దంచిన మిరియం, వెల్లుల్లి, ఉప్పు, చివర్లో కొంచెం నెయ్యి. ముందు ముక్క పక్కన ఆకులో పెట్టాలి, అడివికి అని. ఇప్పటికీ కనుమ నాడు మా నాన్న అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద మూడు ఇటుకలు పెట్టి నాటుకోడి అదే పద్ధతిలో వండుతాడు, వాచ్‌మన్ పొగ వస్తోందని పైకొస్తే వాడికో గిన్నె ఇచ్చి పంపిస్తాడు. కుందేలు పోయింది, తుపాకీ పోయింది, మిరియం మాత్రం పోలేదు. పాడేరు, అరకు వైపు చైత్రంలో ఇటుకల పండగ అని చేస్తారు, మగవాళ్ళు విల్లంబులతో అడవికి వెళ్తారు, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డం కట్టి వచ్చే పోయే బళ్ళ దగ్గర పండగ డబ్బులు వసూలు చేస్తారు, మా తాతకి అటు స్నేహితులుండేవారు, ఆ రోజుల గురించి మా నాన్న మొదలెడితే ఆపలేం, అందుకే ఇక్కడ నేనే ఆపేస్తున్నా.

తాత, కొడుకు వచ్చాక మా నాన్నకీ తాతకీ మాటలు కలిసిపోయాయి. ఇద్దరూ ఇంచుమించు ఒకే వయసు, ఇద్దరి చేతులూ మాట్లాడేటప్పుడు ఒకేలా కదులుతాయి, దూరం చూపించడానికి. మీరెలా తెలుసుకుంటారు చేప ఎక్కడుందో, నీళ్ళ మీద అడుగుజాడలుండవు కదా అని మా నాన్న అడిగాడు. తాత బయటికి తీసుకెళ్ళి చూపించాడు. యారాడ కొండ మొన, దాని మీద లైట్‌హౌసు, ఇటు కైలాసగిరి. సముద్రంలోకి వెళ్ళేకొద్దీ ఈ కొండలు ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి, ఏ కొండ వెనక ఏ కొండ దాక్కుంటే ఎక్కడున్నామో తెలుస్తుంది, రెండు వైపుల గుర్తు కలిస్తే కింద రాయి ఉన్న చోటు, రాయి దగ్గరే చేప. వాళ్ళ నాన్న తెప్ప మీద తీసుకెళ్ళి ఇలాగే చూపించాడంట, తప్పు చెప్తే తెడ్డుతో నీళ్ళు ముఖాన కొట్టేవాడంట. ఇప్పుడు కొడుకు దగ్గర జీపీఎస్ ఉంది, బటన్ నొక్కితే చోటు గుర్తుంటుంది. తాత దాన్ని తిట్టలేదు, నేనైతే తిడతాడనుకున్నా. "మంచిదే, కానీ అది మొన్న తడిసిపోతే మావోడు కొండల్నే సూసుకుని ఒచ్చీసినాడు" అన్నాడు, కొడుకు తల గోక్కున్నాడు. మనవడు మాత్రం వేటకి వెళ్ళడం లేదు, ఫుడ్ డెలివరీ చేస్తాడు, వాడికీ కొండలన్నీ తెలుసంట గానీ బోటెక్కితే వాంతులు.

మా నాన్న ఊరుకోడు కదా, తాతకి వాళ్ళ మిరియాల వేపుడు ఎలా చెయ్యాలో చెప్పాడు, తాత బోటు మీద వండే పులుసు గురించి చెప్పాడు. పెద్ద బోట్ల వాళ్ళు పదీ పదిహేను రోజులు సముద్రంలోనే ఉంటారు, ఈయన కుర్రప్పుడు వాటి మీద పనిచేశాడు. అక్కడ వంట మగవాళ్ళదే. చింతపండు, కారం, ఉప్పు, పసుపు, అంతే, బోటు ఊగుతుంటే పోపు పెట్టడానికి కుదరదు, నూనె మీద పడితే హాస్పిటల్ ఎక్కడుంది. ఇంటికి తిరిగొచ్చి మామ్మకి ఆ పోపు లేని పులుసు వండి పెడితే ఆవిడ తిని ఏం మాట్లాడకుండా తన పులుసులో కూడా పోపు మానేసిందంట. నిజమే, గమనించండి, ఆ కవ్వళ్ళ పులుసులో పైన తేలే పోపు ఉండదు. నాకు ఆ రోజు దాకా తెలీదు దానికి కారణం ఒక బోటని.

ఇప్పుడు ఎప్పుడు వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళకూడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే టైం. ఇంజను బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, తెడ్డేసుకునే తెప్పలకి నిషేధం లేదు గానీ వాటితో వచ్చేది ఎంత. నేను మొదటి ఏడాది తెలీక మేలో వెళ్ళి, అరే పచ్చి చేప లేదా అని వెనక్కొచ్చేశా, ఎంత వెధవ పని చేశానో తర్వాత తెలిసింది. ఎందుకంటే ఆ రెండు నెలలూ ఇక్కడ వేరే వంట నడుస్తుంది. చింతచిగురు సరిగ్గా అప్పుడే వస్తుంది, మామిడికాయ అప్పుడే, ఇంట్లో చలికాలం నుంచి ఎండబెట్టి దాచిన నెత్తళ్ళు, రొయ్యపొట్టు అప్పుడే బయటికి తీస్తారు. చింతచిగురు ఎండు రొయ్యలు, మామిడికాయ ఎండు నెత్తళ్ళు, వంకాయ ఉప్పు చేప. పక్కన అడిగితే చోడి (రాగి) అంబలి. చింతచిగురు ఎండు రొయ్యలు గురించి నేనేం చెప్పను, అన్నం రెండోసారి కాదు మూడోసారి పెట్టించుకున్నా, కోడలక్క గిన్నె బల్ల మీదే పెట్టి వెళ్ళిపోయింది. ఆదివారాలు మేకపోతు మాంసం వండుతారు, అంటే వేట లేని రోజుల్లో వేట మాంసం, మా నాన్నకి ఈ జోకు చెప్తే వారం రోజులు అందరికీ ఫోన్ చేసి చెప్పాడు.

నిషేధం టైంలో గవర్నమెంటు భృతి ఇస్తుంది, 2025లో దాన్ని 20,000 చేశారు. రెండు నెలలకి ఇంటిల్లిపాదికీ ఎంతవరకు వస్తుందో మీరే లెక్కేసుకోండి, అందుకే ఆ రెండు నెలలూ మెస్సు ముఖ్యం వాళ్ళకి, మనమేమో అప్పుడే వెళ్ళడం మానేస్తాం. 2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మంటలొచ్చి సుమారు 40 బోట్లు కాలిపోయాయి కదా, ఆ వారం ఇక్కడ బల్లలు తీసేసి అన్నం వండి హార్బర్‌కే పంపించారంట. ఇది మా కొలీగ్ చెప్పాడు, వాళ్ళెవరూ చెప్పలేదు.

కోనాం సంగతికి మళ్ళీ వస్తా, ఎందుకంటే కడుపు మండిపోయి ఉన్నా. మొన్నామధ్య చుట్టాలొచ్చారని సిటీలో ఏసీ ఉన్న ఒక పెద్ద సీఫుడ్ ప్లేస్‌కి తీసుకెళ్ళా, పేరు రాయను. కోనాం తవా ఫ్రై ఒక్క స్లైసు 480. వచ్చింది తెల్లగా మెత్తగా, ముల్లు లేదు, తోలు లేదు, రుచీ లేదు, కోనాం ముక్కకి మధ్యలో గుండ్రంగా ముల్లుంటుంది, చుట్టూ వెండిలా తోలుంటుంది, ఇది ఎక్కడో చెరువులో పెంచిన ఫిల్లెట్టు. అడిగితే సర్, ఇది బోన్‌లెస్ కోనాం సర్ అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మా మామయ్య పాపం బాగుంది బాగుంది అంటూ తిన్నాడు, మర్యాద. తర్వాత రోజు ఆయన్ని ఈ మెస్సుకి తీసుకెళ్తే ఏం మాట్లాడలేదు, వేళ్ళు నాక్కుంటూ కూర్చున్నాడు, చివర్లో నిన్న అక్కడెందుకు పెట్టించావురా అని ఒకే మాట.

అలాగని ఇక్కడ అన్నీ బాగున్నాయని కాదు, రివ్యూ అన్నాక చెప్పాలి. పార్కింగ్ లేదు, కారు బీచ్ రోడ్డు వైపు ఎక్కడో పెట్టుకుని నడవాలి. చెయ్యి కడుక్కోడానికి బయట ఒక కుళాయి, సబ్బు ముక్క తాడుకి కట్టి ఉంటుంది, బాత్రూం లేదు. ఫ్యాన్లు రెండే, మేలో పులుసు తింటే మీరు కూడా ఉడుకుతారు. టైం చెప్పారంటే దాన్ని గంట కలిపి వినండి, ఒంటిగంటకి అంటే రెండు, ఎందుకంటే బోటు వచ్చేదాకా పొయ్యి మీద చేప ఎక్కదు. ఒకసారి మేం గంటన్నర కూర్చుని, బోటు ఖాళీగా వస్తే, గుడ్డు పులుసు తిని వచ్చాం. మరి మెనూ లేదని ముందే చెప్పా కదా. శుభ్రం బాగానే ఉంటుంది, పళ్ళాలు వేడి నీళ్ళతో కడుగుతారు, కానీ ఈగలుంటాయి, చేప ఉన్న చోట ఈగ రాదంటే నమ్మను. ఇంకో కంప్లైంటు, తలకాయ పులుసు అడిగితే ఎప్పుడూ అయిపోయింది అంటారు, నాకు గట్టి అనుమానం అది ఇంట్లోవాళ్ళే తినేస్తారని.

పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకి ఒక హెచ్చరిక. కవ్వళ్ళలో ముల్లు మెత్తబడుతుంది అన్నా కదా, వెన్నుముల్లు మెత్తబడదు. నేను ఫోన్ చూస్తూ తిని గొంతులో దించుకున్నా. దగ్గుతుంటే మామ్మ లోపల్నుంచి వచ్చి, ఉత్త అన్నం ముద్ద పెద్దది చేసి నా చేతిలో పెట్టి "నమలకుండా మింగు" అంది. దిగిపోయింది గానీ అందరూ చెయ్యాల్సిన పని అని చెప్పను, అసలు కరెక్టు మందు ఆవిడ ఆ తర్వాత చెప్పింది, "సేప తినీటప్పుడు సేపనే సూడాల." ఫోన్ జేబులో పెట్టేశా. అప్పట్నుంచి నేను వెళ్తే నాకు ముల్లు తీసి పెట్టమని మనవరాలికి చెప్తుంది, నలభై మూడేళ్ళు నాకు, పక్క బల్ల వాళ్ళు చూస్తుంటారు.

రేట్లు: కవ్వళ్ళ పులుసుతో భోజనం 130, అన్నం ఎంతైనా. సొర పిట్టు ప్లేటు 150, ఉంటే. నెత్తళ్ళ వేపుడు 80, చిన్న ప్లేటే గానీ కరకరలాడుతూ ఉంటుంది, తలతో సహా తినేయాలి. కానాగంతల వేపుడు రెండు చేపలు 120. ఎండు రొయ్యల రోజుల్లో భోజనం 110. ఇవి నేను ఈ మధ్య ఇచ్చినవి, చేప రేటుని బట్టి మారతాయి. ఫోన్ పే ఉంది, స్కానర్ మనవడిది, సిగ్నల్ రాకపోతే బయటికెళ్ళి వల పక్కన నిలబడి పంపాలి. చిల్లర పట్టుకెళ్తే మంచిది. మార్గశిర గురువారాలు మాత్రం మూసేస్తారు, మామ్మ ఆ రోజుల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర ఉంటుంది, ఇంట్లో నీసు ముట్టరు. నిషేధం అయ్యాక జూన్‌లో మొదటి వేటకి ముందు గంగమ్మ తల్లికి పూజ చేస్తారు, ఆ రోజు కూడా తియ్యరు, కానీ మర్నాడు వెళ్ళండి, రెండు నెలలు ఆగిన సముద్రం ఎలా ఉంటుందో పళ్ళెంలో తెలుస్తుంది.

రేటింగ్ అంటే తిండికి 5కి 5, వసతికి 2, మొత్తం మీద 4.5 ఇస్తా, లెక్క కుదరదని తెలుసు, నా ఇష్టం.

పార్సిల్ కావాలంటే మీ కేరియర్ మీరే పట్టుకెళ్ళండి, ప్లాస్టిక్ కవర్లో పులుసు పొయ్యమంటే మామ్మ ఒప్పుకోదు. పోయిన శనివారం నాన్న కోసం స్టీలు కేరియర్ నిండా కవ్వళ్ళ పులుసు తెచ్చా. ఇచ్చేటప్పుడు మామ్మ మరీ మరీ చెప్పింది, రేపు పొద్దున్నదాకా మూత తియ్యొద్దు, రాత్రంతా ఉంటే ముక్కకి పులుపు పడతాది అని. నాన్నకి ఆ మాట చెప్పి ఫ్రిజ్ పైన పెట్టి పడుకున్నా. పొద్దున్నే చద్దన్నంలో వేసుకుందామని తీస్తే కేరియర్ సగం ఖాళీ, ఆయన హాల్లో పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు, మూత సరిగ్గా పడిందో లేదో చూడ్డానికి తీశానంతే అన్నాడు.